పద్దుల పుస్తకంలో బుల్లెట్టు

బుల్లెట్టు బండి ఎవరిదని అడిగితే ఏ ఊళ్ళోనైనా ఠక్కున చెప్పేస్తారు. ఎస్సైగారిదనో, ఫలానా రొయ్యల చెరువుల ఆసామిదనో! అది వీధి మొదట్లో ఉండగానే చివరింటి వాళ్ళకి తెలిసిపోతుంది. ఆ బండి నడిపేది మగవాళ్ళు, ఆదివారం పూట గుడ్డ పెట్టి తుడుచుకునేది మగవాళ్ళు, దాని గొప్పలు అరుగుల మీద కూర్చుని గంటలకొద్దీ చెప్పుకునేదీ మగవాళ్ళే. చీర కుచ్చెళ్ళు చక్రంలో పడకుండా చూసుకోవడం వరకే మన వంతు.

అలాంటి బుల్లెట్టు ఇంజనొకటి పూర్తిగా విప్పి, మళ్ళీ కట్టించే పనిలో కిందటేడాది నేను దాదాపు నాలుగు నెలలు గడిపాను. ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికితే కథలు రాసుకునే దానికి ఇదేం పిచ్చి అని అడగని వాళ్ళు లేరు, మావారితో సహా! అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

బండి మా నాన్నగారిది. 1966 మోడలు. ఆయన 1981లో నర్సాపురంలో సెకండ్ హ్యాండులో కొన్నారు. నేనూ తమ్ముడూ ఆ పెట్రోలు ట్యాంకు మీద కూర్చునే పెరిగాం. 2008లో మోకాళ్ళు కిక్కు కొట్టనివ్వక దాన్ని పక్కన పెట్టేశారు. 2014లో ఆయన పోయారు. బండి మాత్రం పెరట్లో గొడ్ల సావిట్లో, టార్పాలిన్ కింద అలాగే ఉండిపోయింది. నర్సాపురం గాలి సంగతి మీకు తెలియనిదా? అటు గోదారి, ఇటు సముద్రం. కిటికీ ఊచలే రెండేళ్ళకోసారి రంగు వెయ్యకపోతే పొట్టు రాలతాయి. పదహారేళ్ళు కదలని ఇనుము గతి ఏమిటో చెప్పాలా!

ఇంతకీ బుల్లెట్టుది మన దేశం కాదు. దాని పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ అనే ఊరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 1901 నుంచి అక్కడ మోటారుసైకిళ్ళు చేశారు. బుల్లెట్టు అనే పేరు 1932 నాటిది. మన సైన్యం కోసం ఈ బండ్లు కావలసి వచ్చినప్పుడు మద్రాసు మోటార్స్ వాళ్ళతో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మొదట్లో విడిభాగాలు అక్కణ్ణుంచి వస్తే ఇక్కడ బిగించేవారు. పోనుపోనూ అన్నీ ఇక్కడే తయారయ్యాయి. అక్కడ చూస్తే రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతబడింది, 1970 నాటికి ఇంగ్లండులో కంపెనీయే లేకుండా పోయింది. పుట్టింటి వాళ్ళు చితికిపోతే మెట్టినింట నిలదొక్కుకున్న ఆడపిల్లన్నమాట! 1977లో ఇక్కడ చేసిన బుల్లెట్లనే మళ్ళీ ఇంగ్లండుకి ఎగుమతి చెయ్యడం మొదలుపెట్టారు. సారె తిరిగి పుట్టింటికి పంపడమంటే ఇదే మరి.

సంగతికి వస్తాను. పాత బుల్లెట్లకి ఇప్పుడు మహా గిరాకీ. ఎవరో ఒకాయన అమ్మ దగ్గరికి వచ్చి, ఉన్నదున్నట్టుగా నలభై వేలిస్తానన్నాడు. బండిని కోసి, సాగదీసి, లావు టైర్లు వేసి తనకి కావలసినట్టు మార్చుకుంటాడట. హైదరాబాదులో ఉన్న తమ్ముడు "ఇచ్చేద్దామక్కా. గుర్తుకి హెడ్‌లైటు ఉంచుకుందాం" అన్నాడు. వాడి మాటలోనూ న్యాయముంది. ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటుంది, ఆ సావిడి పడగొట్టిస్తే ఓ గది వేసి అద్దెకిచ్చుకోవచ్చు. అమ్మనడిగాం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

"అమ్మితే అమ్మండి. కానీ ఆగిపోయిన బండిని అమ్మొద్దు. ఆడే బండిని అమ్మండి" అంది.

ఈ ఒక్క మాట మీద బండి టాటా ఏస్ ఎక్కి విజయవాడ ఆటోనగర్ చేరింది.

ఆటోనగర్లో లారీల హడావుడి మధ్య, పాత బుల్లెట్లు మాత్రమే ముట్టుకునే ఒక మేస్త్రిగారి చిన్న షెడ్డు ఉంది. అరవై దాటిన మనిషి. మొదటి రోజు నా కోసం బయట వేపచెట్టు కింద కుర్చీ వేయించారు. "లోపల ఆయిలూ, మసీ అమ్మా" అన్నారు. నేను లోపలికే వెళ్ళి ఆయిలు డబ్బా ఒకటి బోర్లించి కూర్చున్నాను. ఆయన ఒకసారి చూసి ఊరుకున్నారు. మూడో రోజుకి నా చేతికి కిరసనాయిలు గిన్నే, బ్రష్షూ వచ్చాయి.

కిక్కు రాడ్డు మీద మనిషి నిలబడ్డా దిగడం లేదు. పిస్టను సిలిండరుకి పట్టేసింది. నర్సాపురంలో చూసిన కుర్రాడు సుత్తితో కొడితే కదులుతుందన్నాడు. మేస్త్రిగారు ఆ మాటే విననివ్వలేదు. ప్లగ్గు తీసి ఆ కన్నంలోంచి డీజిలు పోసి, "పది రోజులు దీని జోలికి రాకండి" అన్నారు. తుప్పు సందుల్లోకి డీజిలు మెల్లగా ఇంకాలి. పన్నెండో రోజున హెడ్డు విప్పి, పిస్టను నెత్తిన చెక్కదిమ్మ పెట్టి చిన్నగా తడితే 'టిక్' మని ఓ నూలుపోగంత కదిలింది. ఆ చప్పుడికి నా ఒళ్ళు జలదరించింది, చెప్పొద్దూ!

అసలు ఎందుకు పట్టేసిందో ఆయన చూపించారు. బండి ఆగిపోయిన రోజున పొగ బయటికి పోయే వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. సైలెన్సర్లోంచి చెమ్మగాలి పదహారేళ్ళు సిలిండర్లోకి పోతూనే ఉంది. కార్బురేటరు మూతిలో కుమ్మరి పురుగు గూడు కట్టుకుంది కూడా. మీ ఇంట్లో నాన్నగారిదో మామగారిదో పాత బండి ఉంటే, దాన్ని నెలల తరబడి పక్కన పెట్టేముందు ఈ చిన్న పని చేయించండి. కిక్కు మెల్లగా తొక్కుతూ, గట్టిగా ఆగిన చోట వదిలేస్తే రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. ట్యాంకులో పెట్రోలు తీయించెయ్యండి, నిలవుంటే బంకైపోతుంది. సైలెన్సరు మూతికి ఓ గుడ్డ కట్టండి. రూపాయి ఖర్చులేని పనులివి.

సిలిండరు ఊడి వచ్చాక అసలు బెంగ మొదలైంది. దీన్ని బోరింగు షాపులో లోపల గుండ్రంగా చెక్కించి, ఆ పైసైజు పిస్టను వెయ్యాలి. ఈ ఇంజను సిలిండరు కొత్తలో 70 మిల్లీమీటర్ల వెడల్పు. అరిగినప్పుడల్లా ఇరవై సైజు, నలభై సైజు, అరవై సైజు అని ఒక్కో మెట్టు పెంచుతారు. ఆ ఇరవై అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, అంటే అర మిల్లీమీటరు. అరవైతో సరి. తరువాత లోపల కొత్త స్లీవు దిగ్గొట్టాలి, లేదా సిలిండరే మార్చాలి.

"ఇప్పటికెన్ని బోర్లయ్యాయో తెలుసా అమ్మా?" అన్నారు మేస్త్రిగారు. పిస్టను నెత్తిన సైజు కొట్టి ఉంటుందట కానీ మసీ తుప్పూ కలిసి అక్కడ ఏమీ కనబడడం లేదు. తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి తెలియదు. నాన్నగారి స్నేహితులిద్దరిని అడిగాను. ఒకాయన ఒకసారన్నారు, ఇంకొకాయన నాలుగన్నారు. చివరికి అమ్మకి చేశాను, ఏదో చెయ్యాలి కదా అని.

"ఉండు, చూసి చెబుతా" అంది.

చూసి చెప్పడమేమిటి? గంట తరువాత ఫోన్ చేసి, పెళ్ళైన నాటి నుంచి రాసిన పద్దుల పుస్తకాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయంది. ఆ వారం నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. పచారీ కొట్టు లెక్కల మధ్య, సిరా వెలిసిపోయిన అక్షరాల్లో 1984లో ఒక పేజీ. 'పాలు 42. చాకలి 15. అత్తయ్యగారి మందులు 22. బండి బోరు 20 సైజు, పిస్టను, కూలితో 385.' తరువాత 1997లో ఇంకొకటి. 'బోరు 40 సైజు. బిగ్ ఎండు బుష్షు. మొత్తం 1,640. గాజులు వచ్చే ఏడు.'

ఆ వచ్చే ఏడు పుస్తకం కూడా తిరగేశాను. గాజులు లేవు. ఆ పై ఏడు కూడా లేవు. అమ్మనడిగితే "ఏం గాజులే!" అని నవ్వేసింది.

మేస్త్రిగారు ఆ రెండు పేజీలూ చదివించుకుని పిస్టను మీద మసి గీకారు. 40 అని బయటపడింది. ఆయన పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. ప్లగ్గు ఎప్పుడు మార్చారో, చైను ఎప్పుడు వేశారో, ఆయిలు ఎన్నాళ్ళకోసారి పోశారో అన్నీ అందులో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు బండి నడిపిన మనిషి దగ్గర లేని చరిత్ర, దాన్ని ఒక్కసారీ నడపని మనిషి దగ్గరుంది. ఆ పుస్తకాల పక్కనే అమ్మ ఇంకొకటీ ఇచ్చింది. పాత జాకెట్టు గుడ్డలో గ్రీజు రాసి చుట్టిన పానాల కట్ట. ఇది ఇంగ్లీషు వాళ్ళ కాలం నాటి కొలతల బండి కాబట్టి, ఇప్పటి మిల్లీమీటరు పానాలు దాని నట్లకి సరిగ్గా పట్టవు. బలవంతపెడితే మూలలు అరిగిపోతాయి. ఒక్క తుప్పు చుక్క లేని ఆ పానాలు చూసి, షెడ్డులో కుర్రాళ్ళంతా చుట్టూ మూగారు.

అంటే ఇంకొక్క బోరు మిగిలింది. ఆఖరిది. నలభై నుంచి అరవైకి వెళ్తే గోడలో ఏ పక్క చూసినా పావు మిల్లీమీటరు మాత్రమే పోతుంది. లోపల తుప్పు తిన్న గుంటలు అంతకంటే లోతుగా ఉంటే ఆశ లేదు. బోరింగు షాపాయన లోపల వేలుపెట్టి గోరుతో గీరి "గోరుకి తగులుతోంది, చెప్పలేం" అన్నాడు. తమ్ముడు మార్కెట్లో కొత్త సిలిండరు దొరుకుతోంది, కొనెయ్యమన్నాడు. మేస్త్రిగారిని అడిగితే "దొరుకుద్దమ్మా. కానీ యాభై ఏళ్ళు కాగి, ఆరి కుదురుకున్న పోత ఇనుము ఇది. దీని దారి వేరు" అన్నారు. ఆ మాట ఎంతవరకు శాస్త్రమో నాకు తెలియదు, నాకు మాత్రం నచ్చింది. చెక్కమన్నాను.

మిషను దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. గుంటలు ఒక్కొక్కటే పల్చబడి మాయమవుతూ వచ్చాయి. చివరికి బాగా అడుగున ఒక్క చుక్క మిగిలింది. రింగులు అంత కిందికి దిగవు కాబట్టి ఫరవాలేదన్నారు. ఆ తరువాత సానరాయితో లోపలంతా అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పడేట్టు రుద్దారు. నున్నగా అద్దంలా ఉంటే నూనె నిలవదట, ఆ గీతల్లోనే నూనె ఉంటుందట. పిస్టనుకీ గోడకీ మధ్య వదిలే సందు తలవెంట్రుక మందం. అందుకే "వంటలాంటిదే కదండీ, అన్నీ పాళ్ళలో పడాలి" అని పక్కింటావిడ అంటే నేను ఒప్పుకోలేదు. పులుసులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోసి సర్దేస్తాం. ఇక్కడ ఎక్కువ చెక్కిన ఇనుమును తిరిగి అతికించేవాడు లేడు.

తరువాత కింది భాగం. పిస్టను కిందా మీదా పడే ఆటని గుండ్రంగా తిప్పే క్రాంకు, దానికి కనెక్టింగు రాడ్డు, ఆ రెండూ కలిసే చోట ఒక బుష్షు. రాడ్డుని పట్టుకుని పక్కకి ఊపితే కాస్త ఊగాలి, పైకీ కిందికీ మాత్రం అస్సలు ఆడకూడదు. మాది టకటక ఆడింది. 1997లో వేసిన బుష్షు అంత తొందరగా ఎందుకు పోయిందో పక్క మూత విప్పాక తెలిసింది. నూనె పంపు నుంచి క్రాంకులోకి నూనె వెళ్ళే దారిలో ఒక చిన్న బెండు బిళ్ళ ఉంటుంది. వేలిగోరంత. అది ఎండి పొడైపోయింది. బెండు లేకపోతే నూనె దారి తప్పి కింద పడిపోతుంది, బుష్షు ఎండిపోతుంది. ఎన్ని వేలు పోసి ఇంజను కట్టినా, ఆ కొద్ది రూపాయల బెండు మరిచిపోతే మళ్ళీ అంతా మొదటికే!

అది చూసినప్పుడు నాకు బియాట్రిస్ షిల్లింగ్ గుర్తొచ్చింది. 1909లో పుట్టిన ఇంగ్లీషావిడ. పద్నాలుగేళ్ళకే ఒక రాయల్ ఎన్‌ఫీల్డు కొనుక్కుంది. మాంచెస్టరులో ఇంజనీరింగు చదివి, 1934లో బ్రూక్‌లాండ్స్ పందేల బాటలో నార్టన్ బండిని గంటకి నూరు మైళ్ళు దాటించి బంగారు నక్షత్రం బిళ్ళ గెలుచుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు యుద్ధ విమానాలు ఒక్కసారిగా ముక్కు కిందికి దించితే ఇంజన్లు ఆగిపోయేవి. పైలట్ల ప్రాణాల మీదికి వచ్చేది. 1941లో ఈవిడ పెట్రోలు దారిలో చిల్లున్న చిన్న లోహపు బిళ్ళ ఒకటి పెట్టించి ఆ చిక్కు తప్పించింది. స్వయంగా ఎయిర్‌ఫీల్డుల చుట్టూ తిరిగి, తన మనుషులతో ఆ బిళ్ళలు బిగింపించింది. ఈ కథ మేస్త్రిగారికి చెబితే "అంతేనమ్మా, చిన్న బిళ్ళే" అని పని మానకుండానే అన్నారు.

క్రాంకుని విడదీసి కొత్త బుష్షు వేశాక రెండు చక్రాలనూ సరి చెయ్యడం ఒక విద్య. లేతు మిషనుకి రెండు మొనల మధ్య దాన్ని బిగించి తిప్పుతారు. పక్కన గడియారం లాంటి డయలు. ముల్లు ఇటూ అటూ ఊగితే వంకరున్నట్టు. ఆ పనివాడు డెబ్భై ఏళ్ళ ముసలాయన. ముల్లు చూసి, చక్రాన్ని ఎక్కడ కొట్టాలో చెయ్యితో తడిమి, సీసం సుత్తితో ఒక్కటేసేవాడు. మళ్ళీ తిప్పడం, మళ్ళీ చూడడం. దాదాపు ముప్ఫైసార్లు. ముల్లు ఇంచుమించు కదలకుండా నిలిచాక బీడీ వెలిగించుకున్నాడు. ఈ విద్య ఎవరికైనా నేర్పారా అని అడిగితే, కొడుకు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడన్నాడు. పాత బండ్ల మీద మోజు పెంచుకునే వాళ్ళు రంగులకీ, క్రోమియం మెరుగులకీ ఖర్చు పెట్టినంత ఈ ముసలివాళ్ళ కూలికి పెట్టరు. నాకిది చాలా అన్యాయమనిపించింది.

నా చేత్తో చేసిన పని ఒకటుంది, గొప్ప చెప్పుకుంటాను. వాల్వులు అరగదీయడం. వాల్వు అంచుకి గరుకు ముద్ద రాసి, కొసన రబ్బరు బిళ్ళ ఉన్న పుల్లతో దాన్ని పట్టుకుని, పుల్లను రెండు అరచేతుల మధ్యా ఇటూ అటూ తిప్పాలి. అచ్చం బుల్లి కవ్వం! షెడ్డు కుర్రాడు పావుగంటకోసారి చేతులు విదిలించేవాడు. నేను ఒక పూటంతా చిలికాను. తరువాత ఆ కన్నంలో పెట్రోలు పోసి చూశారు, చుక్క కారలేదు. "ఈ చెయ్యి మజ్జిగ చేసిన చెయ్యి" అన్నారు మేస్త్రిగారు. ఆయన చేసిన ఏకైక మెప్పు అదే.

మొదటిసారి స్టార్టు చేసే రోజుకి అమ్మని రప్పించాను. బుల్లెట్టు కిక్కుకి బలం కావాలనుకుంటారు గానీ, కావలసింది ఓర్పు. చిన్న లివరు నొక్కి లోపలి ఒత్తిడి వదిలేసి, హెడ్‌లైటు పైనుండే కరెంటు ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కు మెల్లగా దింపి, అక్కడ లివరు వదిలి ఒక్క ఊపు ఊపాలి. మేస్త్రిగారు ఊపితే నాలుగోసారికి అందుకుంది. షెడ్డంతా తెల్లటి పొగ, డుగ్ డుగ్ డుగ్ మంటూ ఆ పాత చప్పుడు! కుర్రాళ్ళు ఈలలేశారు. అమ్మ మాత్రం తల పక్కకి వంచి వింటోంది.

"ఏదో టిక్కు టిక్కుమంటోంది. ఇది ఉండేది కాదు" అంది.

"కొత్తగా కట్టిన ఇంజనమ్మా, అలాగే ఉంటది" అన్నారు మేస్త్రిగారు. "ఉండేది కాదండీ" అని అమ్మ మళ్ళీ అంది, మెల్లగా. ఎన్నో ఏళ్ళు ఆ చప్పుడు సందు మలుపులో వినబడగానే కంచం పెట్టిన మనిషి. ఆయన ఒక క్షణం ఆగి, ఇంజను ఆపేసి చల్లారనిచ్చి, పక్కన చిన్న మూత తీశారు. అందులో రెండు కడ్డీలుంటాయి. చల్లగా ఉన్నప్పుడు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఒకటి ఆడుతోంది. లాకు నట్టు సరిగ్గా పట్టలేదు. బిగించాక అమ్మ విని, తలూపింది.

ఇంజను వరకు మొత్తం ఖర్చు 31,400. పదివేలు తమ్ముడు పంపాడు, అడగకుండానే. తక్కినవి నా కథల పారితోషికాలు, నేను వేసుకున్న చీటీ డబ్బు. కాగితాలు నాన్నగారి పేరు నుంచి మార్పించి, రిజిస్ట్రేషను తిరిగి చేయించడానికి పట్టిన కాలం వేరే సంగతి. ఇప్పుడు ఆర్సీ అమ్మ పేరున ఉంది. డెబ్భయ్యో ఏట ఆవిడ పేరున వచ్చిన మొదటి బండి అది. కొనడానికొచ్చిన మనిషి మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి లక్షా పాతికన్నాడు. తమ్ముడు "ఆలోచించి చెబుతాం" అన్నాడట. అమ్మేమీ అనలేదు. పద్దుల పుస్తకంలో మాత్రం రాసుకుంది. 'బోరు 60 సైజు. ఇక లేదు. బుష్షు, బెండు కొత్తవి.'

గేరు బండి లైసెన్సు తీసుకుని, రోజూ పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు నేనే తిప్పుతున్నాను. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నా స్కూటీ అలవాటుకి తిరకాసే. మొదటి అయిదు వందల కిలోమీటర్లూ యాభై వేగం దాటకూడదని మేస్త్రిగారి ఆజ్ఞ. మూడు వందల అరవై రెండు అయ్యాయి. అయిదు వందలు నిండాక నూనె మార్చి, హెడ్డు నట్లు మరోసారి బిగించాలి. ఆ తరువాత నర్సాపురం దాకా నడిపించుకొచ్చి, పంటు మీద గోదారి దాటించి అంతర్వేది తీసుకెళ్ళమని అమ్మ అడుగుతోంది.